మాట ముందు, మోత తరువాత

మా నాన్నగారికి డెబ్బై ఆరో ఏట చెవి కొంచెం మందగించింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నీ వినపడేవి. టీవీలో సినిమా పెడితే మాత్రం మాట అందేది కాదు. "ఏమన్నాడ్రా?" అని అడిగేవారు. నేను సౌండు పెంచేవాణ్ణి. ఆ మాట వినపడేలోపు పాటో ఫైటో వచ్చి ఇల్లు అదిరిపోయేది. పై వాటాలో చంటిపిల్లవాడు లేచి ఏడ్చేవాడు. తగ్గించేవాణ్ణి. మళ్ళీ "ఏమన్నాడ్రా?" చివరికి ఆయనే "మీరు చూడండర్రా" అంటూ లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు. అలా లేచి వెళ్ళిపోతుంటే నాకు చాలా కష్టంగా ఉండేది. యవ్వనంలో సినిమా కోసం మైళ్ళకు మైళ్ళు సైకిలు తొక్కిన మనిషి ఆయన.

ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాలన్న ఆలోచన నాకు అక్కణ్ణుంచి మొదలైంది. ఇంటిని దద్దరిల్లించాలని కాదు, నాన్నగారికి మాట వినపడాలని. 2012లో ఒక తక్కువ ఖరీదు సరౌండ్ ప్రాసెసర్ కొన్నాను. అప్పటినుంచీ దానితోనే కాపురం చేస్తున్నాను. ఆ అనుభవం, నాలాగే కొన్న మరి ముగ్గురి అనుభవం ఈ రోజు మీతో చెప్పుకుంటాను. కంపెనీ పేరు చెప్పను. ఆ ధరలో దొరికే పెట్టెలన్నిటి కథా దాదాపు ఒకటే.

ముందు ఈ పెట్టె ఏం చేస్తుందో చెప్పాలి. పెళ్ళి బంతిలో వడ్డన చూసే ఉంటారు. వంటవాళ్ళు వండుతారు, మోసేవాళ్ళు మోస్తారు. ఏ విస్తరికి ఏది, ఎంత, ఎప్పుడు అని చూసే మనిషి ఒకరుంటారు. ప్రాసెసర్ ఆ మనిషి. సినిమా ధ్వనిని సాధారణంగా ఆరు భాగాలుగా విడదీసి డిస్కులో పెడతారు. ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక ఎడమ, కుడి. ఆరోది బరువైన దుముదుమ శబ్దాలకు మాత్రమే. అది పూర్తి భాగం కాదు కనుక 5.1 అని పేరు. థియేటర్లకు ఈ పద్ధతి డాల్బీ డిజిటల్ రూపంలో 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో వచ్చింది. మరుసటి ఏడు 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ అనే మరో పద్ధతి వచ్చింది. డీవీడీలతో ఈ ధ్వని ఇళ్ళలోకి విస్తరించింది. ప్రాసెసర్ ఆ ఆరు భాగాలనూ విప్పి, ఎవరి వాటా వాళ్ళకు పంపుతుంది. స్పీకర్లను మోగించే బలం దానికి లేదు. ఆ పని వేరే పవర్ ఆంప్లిఫయర్‌ది. రెండూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మితే దాన్ని రిసీవర్ అంటారు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అదే.

ఇక్కడ మనకు కావలసిన సంగతి ఒకటుంది. సినిమాలో సంభాషణ చాలామటుకు మధ్య స్పీకరుకే రాస్తారు. ఇంట్లో టీవీకి సాధారణంగా ఉండేది రెండే స్పీకర్లు. అది ఆ భాగాలను రెంటిలోనే కలిపి పోస్తుంది. మాట, వీణ, వర్షం, బాంబు అన్నీ ఒకే గిన్నెలో పడతాయి. ముసలి చెవికి అందులోంచి మాటను ఏరుకోవడం కష్టం. మధ్య స్పీకరు విడిగా ఉంటే దాని ఒక్కదాని మోతాదు పెంచుకోవచ్చు. మిగతావి అలాగే ఉంటాయి. పై వాటా పిల్లవాడు నిద్రలేవడు.

మరి రిసీవర్ కొనకుండా ప్రాసెసర్ ఎందుకు? నా దగ్గర అప్పటికే మంచి పాత ఆంప్లిఫయర్లు ఉన్నాయి. వాటిని పారేయడం ఇష్టం లేదు. పేరున్న ప్రాసెసర్లు వేల డాలర్లలో ఉన్న రోజుల్లో అమెరికాలో ఒక చిన్న కంపెనీ సుమారు 700 డాలర్లకు అమ్మేది. డల్లాస్‌లో ఉంటున్న మా తమ్ముడి కొడుకు సంక్రాంతికి వస్తూ, 23 కిలోల పెట్టె ఒకటి పూర్తిగా దీనికే కేటాయించి, చుట్టూ తువ్వాళ్ళు కుక్కి తెచ్చాడు. "పెదనాన్నా, బట్టలు మానేసి ఇది తెచ్చాను" అన్నాడు. వాడి మేలు మరవలేను.

పెట్టె తెరవగానే ప్లగ్గు పెట్టబోతే వాడే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక, కరెంటు తీగ దూర్చే చోట, చిన్న ఎర్ర మీట ఉంది. దాని మీద 115 అని ఉంది. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. స్క్రూడ్రైవర్ మొనతో ఆ మీటను పక్కకు నెడితే 230 అంకె బయటపడింది. అర నిమిషం పని. గుంటూరులో ఉన్న నా స్నేహితుడు ఇలాంటిదే తెప్పించుకున్నాడు. అతని పెట్టెకు ఆ మీటే లేదు. చూసుకోకుండా గోడ ప్లగ్గులో పెట్టాడు. టప్‌మని శబ్దం, కాలిన వాసన, అంతే. లోపల ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. బయటిదేశం నుంచి ఏది వచ్చినా వెనక అచ్చువేసిన వోల్టేజి చదవకుండా ప్లగ్గు ముట్టుకోకండి. 120 వోల్టులకే పనిచేసే, మీట లేని పెట్టెకు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

మొదటి రాత్రి అన్నీ కలిపి ఆన్ చేస్తే స్పీకర్లలోంచి హుమ్మ్ అని తుమ్మెద రొద. సినిమా ఆపినా రొద ఆగదు. పెట్టే పాడైందనుకున్నాను. తమ్ముడి కొడుకు ఓపికగా వెనకనున్న తీగలు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. డీవీడీ ప్లేయరు తీశాడు, రొద ఉంది. టీవీ తీగ తీశాడు, ఉంది. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగ విప్పగానే ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫ్యాన్ తిరిగే చప్పుడు కూడా మాకు కొత్తగా వినిపించింది. కేబుల్ తీగ వీధి స్తంభం మీద నుంచి తన ఎర్తింగు తాను మోసుకొస్తుంది. ఇంటి ఎర్తింగు వేరు. ఆ రెంటి మధ్య నడిచే కరెంటే మన 50 సైకిళ్ళ రొదగా స్పీకర్లో వినపడుతుంది. కేబుల్ తీగకు మధ్యలో ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ తగిలిస్తే పోయింది. కొందరు ఈ రొద పోగొట్టడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. రొద పోతుంది, నిజమే. రేపు లోపల తీగ తెగి డబ్బాకు తగిలితే, దాన్ని ముట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, ఎవరు చెప్పినా వినకండి.

మర్నాడు టేపు పట్టుకుని కొలతలు మొదలుపెట్టాం. నాన్నగారి పడక్కుర్చీ దగ్గర, ఆయన చెవి ఎత్తులో టేపు ఒక కొస పట్టుకుని మా ఆవిడ నిలబడింది. రెండో కొస నేను. మధ్య స్పీకరు 3.2 మీటర్లు. ముందు ఎడమ, కుడి 3.5. వెనకవి 1.6 మాత్రమే. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే వెనక స్పీకరు శబ్దం ముందు వాటికంటే సెకనులో వెయ్యో వంతులు అయిదారు ముందుగా చేరిపోతుంది. అది మనకు తెలియదు గాని చెవికి తెలుస్తుంది, ధ్వని వెనక్కి లాగినట్టు ఉంటుంది. ఈ దూరాలు పెట్టెలో రాస్తే దగ్గరి స్పీకర్లను అది ఆ మేరకు ఆపి వదులుతుంది. పెట్టెతో పాటు చిన్న మైకు కూడా ఇచ్చారు. అది పెడితే కొలతలన్నీ తనే తీసుకుంటుందన్నారు. తీసుకుంది గాని, చిన్న స్పీకర్లను పెద్దవిగా లెక్కగట్టి, అవి మోయలేని బరువు శబ్దాలు వాటికే అప్పగించింది. బరువు శబ్దాల స్పీకరు సబ్‌వూఫర్ దూరం కూడా టేపు కంటే ఎక్కువ చూపించింది. అది మాత్రం తప్పు కాదని తర్వాత తెలిసింది. సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్ వల్ల ధ్వని ఆలస్యంగా బయటికి వస్తుంది, మైకు ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కవేసింది. అందుకని సబ్‌వూఫర్‌కు మైకు మాట, మిగతావాటికి టేపు మాట వినాలని నేను నిర్ణయించుకున్నాను. స్పీకర్లన్నిటినీ చిన్నవిగా పెట్టి 80 హెర్ట్జ్ దగ్గర గీత గీశాను. దాని కింది శబ్దమంతా సబ్‌వూఫర్‌కు వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం మొదట పెట్టిన సినిమా 'మాయాబజార్', నలుపు తెలుపు ప్రతి. 1957 సినిమా. అప్పటి ధ్వని ఒకే భాగం. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా 5.1లోకి మార్చారు గాని, నా దగ్గరున్నది పాతదే. రెండు స్పీకర్లకూ సమానంగా వచ్చే శబ్దాన్ని మధ్య స్పీకరుకు పంపే పద్ధతి ఒకటి ఈ పెట్టెలో ఉంది, ప్రో లాజిక్ అంటారు. అది ఆన్ చేశాను. మొత్తం ధ్వని మధ్య స్పీకరులోకి వచ్చి కూర్చుంది. ఎడమా కుడీ వెనకా అన్నీ మౌనం. ఎస్వీ రంగారావు గారి గొంతు తెర మధ్యలోంచి గదిలోకి దిగింది. నాన్నగారు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. కాసేపటికి అన్నారు: "టూరింగు టాకీసులో ఇలాగే వచ్చేదిరా, తెర వెనక ఒకటే పెట్టె ఉండేది." ఆ రోజు సినిమా అయ్యేదాకా ఒక్కసారి కూడా "ఏమన్నాడ్రా?" అనలేదు. ఆయన వరండాలోకి వెళ్ళలేదు.

ఆ తర్వాత కొత్త సినిమాలకు మధ్య స్పీకరును మూడు డెసిబెల్స్ పెంచి ఉంచాను. మూడంటే ఎక్కువ కాదు. రిమోట్ మీద ఆరు నొక్కులు. ఇంతకాలం మేము పడ్డ యాతనకు మందు అదే. గదిలో కూడా ఒక పని చేశాం. మన ఇళ్ళల్లో మార్బుల్ నేల, బోసి గోడలు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టంగ్ అని తిరిగొస్తుంది. మాటలోని హల్లులన్నీ ఆ టంగులో కలిసిపోతాయి. అటక మీద ఉన్న పెళ్ళినాటి జంపఖానా దింపి స్పీకర్లకూ కుర్చీకీ మధ్య పరిచాం, కిటికీలకు మందపాటి తెరలు వేశాం. ఆ జంపఖానా చేసిన మేలు ఏ ఖరీదైన తీగా చేయలేదు.

ఇక దాని తప్పులు చెప్పాలి. అవి దాస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

పెద్ద తప్పు, ఈ పెట్టె మొదటి అక్షరం మింగేసేది. బాలమురళీకృష్ణ గారి కచేరీ సీడీ పెడితే, ప్రతి కృతికీ పల్లవి మొదటి అక్షరం పోయేది. గొంతు మధ్యలోంచి మొదలైనట్టు ఉండేది. సంగీతం తెలిసిన వాళ్ళకు అది ఎంత బాధో చెప్పనక్కర్లేదు. కారణం ఇదీ. డిజిటల్ తీగలో శబ్దం రాగానే అది మామూలు సంగీతమా, డాల్బీయా, డీటీఎస్సా అని పెట్టె గుర్తుపట్టాలి. గుర్తుపట్టకుండా వదిలితే స్పీకర్లు భయంకరంగా గీపెడతాయి. అందుకని తేల్చుకునేదాకా నోరు మూసుకుంటుంది. ఖరీదైన పెట్టెలు ఈ పని మనకు తెలియనంత వేగంగా చేస్తాయి. నాది దాదాపు ఒక సెకను తీసుకునేది. సీడీ ప్లేయరును డిజిటల్ తీగతో కాక పాత ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో కలిపాను. అప్పుడు గుర్తుపట్టే పనే లేదు. మొదటి అక్షరం తిరిగొచ్చింది.

రెండోది, బొమ్మ రాకపోవడం. హెచ్‌డీఎంఐ తీగలో ప్లేయరు, ప్రాసెసరు, టీవీ మూడూ ఒకదాన్నొకటి "నువ్వెవరు, నీకు అనుమతి ఉందా?" అని పలకరించుకోవాలి. ఆ పలకరింపు తప్పితే తెర నల్లగా ఉండిపోతుంది. మొదటి రెండేళ్ళు వారానికి ఒకసారైనా ఇది జరిగేది. ముందు టీవీ, తర్వాత ప్రాసెసర్, చివర ప్లేయరు అనే వరసలో ఆన్ చేస్తే చాలామటుకు తప్పేది. ఆంప్లిఫయర్‌కు కూడా వరస ఉంది. ఆన్ చేసేటప్పుడు అది చివర, ఆపేటప్పుడు అది ముందు. తిరగేస్తే స్పీకర్లు ధబ్‌మంటాయి, గుండె ఆగినంత పనవుతుంది.

కంపెనీ ఈ లోపాలు సరిచేస్తూ ఏడాదికొకటో రెండో కొత్త సాఫ్ట్‌వేర్ వదిలేది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో దింపుకుని పెట్టెకు ఎక్కించాలి. ఎక్కుతున్న పది నిమిషాల్లో కరెంటు పోతే పెట్టె మళ్ళీ లేవదు. హైదరాబాదులో ఆ ఏళ్ళ వేసవి కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రతిసారీ ఇన్వర్టర్ మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. ఎక్కాక నా కొలతలన్నీ చెరిగిపోయి ఉండేవి. అప్పటినుంచి ఒక పాత డైరీలో అంకెలన్నీ రాసి ఉంచుకున్నాను. మూడో సాఫ్ట్‌వేర్‌తో నల్లతెర బాధ బాగా తగ్గింది.

ఆలోచిస్తే, ఈ పెట్టెను ధర తగ్గించి అమ్మింది ధ్వనిలో కోత కోసి కాదు. లోపలి ధ్వని చిప్పులు దీనికంటే మూడింతల ఖరీదు పెట్టెల్లో ఉన్నటువంటివే. కోత పడింది పరీక్షల మీద. అమ్మేముందు వాళ్ళు చేసుకోవలసిన పరీక్షలు కొన్నవాడి ఇంట్లో జరిగాయి. డబ్బు మిగిల్చుకున్నాం, సాయంత్రాలు ఖర్చుపెట్టాం. ఆ సాయంత్రాలు ఎవరికి ఇష్టమో వాళ్ళే ఇలాంటిది కొనాలి.

వరంగల్లులో లెక్చరర్‌గా ఉన్న నా మిత్రుడికి ఆ ఇష్టం లేదు. ఆయన లేనప్పుడు ఇంట్లోవాళ్ళు ధైర్యంగా టీవీ పెట్టలేకపోయారు. ఎనిమిది నెలలు చూసి అమ్మేసి, ఒక మామూలు రిసీవర్ కొనుక్కున్నాడు. హాయిగా ఉన్నాడు. ఆయన చేసింది సరైన పని. న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలి భర్తది ఇంకో అనుభవం. అతని పెట్టె రెండుసార్లు చెడితే రెండుసార్లూ కంపెనీ మారు మాట్లాడకుండా కొత్తది పంపింది. వారంటీ అంటే అదీ. కానీ ఆ వారంటీ మనదాకా రాదు. పది కిలోల పెట్టెను అమెరికాకు పంపి తెప్పించుకునే ఖర్చుతో మరొకటి కొనవచ్చు.

నాది ఏడో ఏట లేవడం మానేసింది. ఎర్రదీపం వెలుగుతుంది, మీట నొక్కితే చలనం లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న ఒక పెద్దమనిషి దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాను. మూత విప్పి, టార్చి వేసి, పావు నిమిషం చూసి, "సార్, ఇక్కడ చూడండి" అని వేలు పెట్టారు. చిటికెన వేలంత కెపాసిటర్, దాని నెత్తి పొంగిన పూరీలా ఉబ్బి ఉంది. పెట్టె ఆపినా కొంత భాగం రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. నేను దాన్ని గాలాడని షోకేసులో పెట్టాను. ఆ వేడికి అది ఎండిపోయింది. 85 డిగ్రీలది తీసి 105 డిగ్రీలు తట్టుకునేది వేశారు. అది కొన్ని రూపాయల వస్తువు. పెట్టె మీద కనీసం నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలని, ఊరికి వెళితే ప్లగ్గు తీసేయాలని చెప్పి పంపారు. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. మళ్ళీ చెడలేదు.

కాలం మాత్రం దాన్ని దాటిపోయింది. 4కె టీవీ కొన్నాక, కొత్త ప్లేయరుకూ టీవీకీ మధ్య ఈ పాత పెట్టెను పెడితే 4కె బొమ్మ దాటి రాదు. కొత్త అనుమతుల భాష దానికి తెలియదు. బొమ్మను నేరుగా టీవీకి పంపి, ధ్వనిని సన్నని ఆప్టికల్ తీగతో వెనక్కి తెచ్చాను. ఆ తీగలో మామూలు డాల్బీ, డీటీఎస్ 5.1 వస్తాయి. బ్లూరేలోని పూర్తి నాణ్యత ధ్వని రాదు. తలపైనుంచి వర్షం కురిపించే అట్మాస్ రాదు. 'ఆర్ఆర్ఆర్'ను మా ఇంట్లో అయిదు స్పీకర్లతోనే చూశాం. మాటలన్నీ వినపడ్డాయి.

కొత్తగా కొనేవారికి నా తీర్పు ఇది. డబ్బు ముందు మధ్య స్పీకరు మీద పెట్టండి, తర్వాత ఆంప్లిఫయర్ మీద. అవి ఇరవై ఏళ్ళు నిలుస్తాయి. ప్రాసెసర్ ఫోను లాంటిది, పదేళ్ళకు పాతబడుతుంది. దానికి తక్కువే పెట్టండి. చేతిలో మంచి ఆంప్లిఫయర్లు లేకపోతే ప్రాసెసర్ జోలికి పోకండి, రిసీవర్ చాలు. కొనే ముందు మీ ఊళ్ళో దాన్ని విప్పి బాగుచేసే మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి.

దుకాణంలో మీకు విమానాలూ పేలుళ్ళూ వినిపిస్తారు. అవి ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటాయి. వాటిని ఆపమని అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు నెమ్మదిగా మాట్లాడుకునే తెలుగు సన్నివేశం ఒకటి పెట్టించండి. అది అయ్యాక ఆ ఇద్దరూ ఏమనుకున్నారో మీ పెద్దవాళ్ళను చెప్పమనండి. చెప్పగలిగితే కొనండి.